కోల్డ్ రూములో నేను చేసిన ఉపన్యాసం

నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ఉపన్యాసాన్ని, ఉత్తర ధ్రువం దగ్గర వేటకు సీల్ జంతువులు దొరక్క కుమిలిపోతున్న ముసలాయన గోడుగా మార్చి, ఆస్ట్రేలియా దేశమంతా చూసే టీవీలో వేశారు. నన్నడగలేదు. అడిగితే ఒప్పుకునేవాణ్ణి కాదు. గొంతు నాది, మాట నాది. కింద వేసిన అక్షరాలు మాత్రం ఎవరివో.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. "ఇంకా దాన్ని పట్టుకుని వేలాడతారేమిటండీ" అంటుంది మా ఆవిడ. వేలాడతాను. ఆ ఉపన్యాసం కోసం నేనెంతకాలం ఎదురుచూశానో తనకు తెలియనిదా?

నా చదువు ఐదో క్లాసుతో ఆగిపోయింది. ఆ తర్వాత చదువుకున్నదంతా అచ్చాఫీసులోనే. తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. సీసం అక్షరాల్ని ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చి, పుటలు కట్టేవాణ్ణి. పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, దశదిన కర్మల కార్డులు సరే, నాకు ఇష్టమైన పని మాత్రం సభలది. ఆహ్వాన పత్రాలు, సన్మాన పత్రాలు, ముందుగా అచ్చేయించి పంచే అధ్యక్షోపన్యాసాలు. "వేదికను అలంకరించిన పెద్దలకు" అన్న ముక్కను ఎన్నిసార్లు కూర్చానో నా వేళ్ళకే తెలుసు. ఆ సభలకు వెళ్ళి వెనక నిలబడేవాణ్ణి. నేను కూర్చిన వాక్యాలు పైన ఎవరో చదువుతుంటే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక తడబడుతుంటే, నాకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. నువ్వూ వచ్చి రెండు ముక్కలు చెప్పవోయ్ అని ఒక్కడు అన్న పాపాన పోలేదు.

ప్రెస్సుల్లోకి కంప్యూటర్లు వచ్చి నా పని పోయింది. ఆ కంప్యూటర్లే మా అమ్మాయినీ అల్లుణ్ణీ మెల్‌బోర్న్ తీసుకెళ్ళాయి. వాళ్ళు మమ్మల్ని తీసుకెళ్ళారు. అప్పుడు రెండువేల సంవత్సరం రాబోతోందని లోకమంతా కంగారు. చోటు కలిసొస్తుందని కంప్యూటర్లలో ఏడాదికి రెండంకెలే వేశారట. సున్నా సున్నా రాగానే అవి పంతొమ్మిది వందల సంవత్సరం అనుకుని బ్యాంకులూ విమానాలూ ఆగిపోతాయట. మా ప్రెస్సులో చోటు కోసం అంకెలు ఎగ్గొడితే ఓనరు చెవి మెలేసేవాడు. ఇక్కడ తప్పు చేసిన కంప్యూటర్ల జాతికే దాన్ని దిద్దే ఉద్యోగాలు ఇచ్చి, కార్లు కూడా ఇచ్చారు. ఇంట్లో అన్నం తింటున్నా ఆ రెండంకెల గొడవే. నాతో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు.

ఊళ్ళో మన తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఉండేది. ఉగాదికీ దీపావళికీ ఒక స్కూలు హాలు తీసుకుని ఫంక్షన్ చేసేవారు. అధ్యక్షులు గుండె డాక్టరు. చిన్నవాడే, మంచివాడే. నేను వెళ్ళి, "బాబూ, నాకు సభాముఖంగా నాలుగు మాటలు చెప్పాలని ఉంది" అన్నాను.

"వై నాట్ అంకుల్! మీలాంటి పెద్దవాళ్ళు మాట్లాడాలి. ప్రోగ్రామ్‌లో పెట్టేద్దాం."

ఆ రోజు వచ్చింది. పిల్లల డాన్సు, ఇంకో డాన్సు, ఫ్యాన్సీ డ్రెస్సు, మళ్ళీ మొదటి పిల్లలదే డాన్సు. నేను ఇస్త్రీ పంచె కట్టుకుని మొదటి వరసలో కూర్చుని, ప్రతి పాట తర్వాతా లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను. చివరికి డాక్టరు గారు చెవి దగ్గర వంగి, "అంకుల్, హాలు తాళాలు ఇచ్చేయాలి. దీపావళికి మీదే ఫస్ట్ ఐటమ్" అన్నాడు. దీపావళికి నన్ను నిజంగానే వేదిక మీదికి పిలిచారు. ఎందుకూ అంటే లాటరీ డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తియ్యడానికి. తీశాను. ఎవరికో ప్రెషర్ కుక్కర్ వచ్చింది. మైకు నా నోటికి జానెడు దూరంలో ఉంది. నేను గొంతు సవరించుకునేలోపు పాట పెట్టేశారు.

ఆ పైన ఉపన్యాసం నా లోపలే పెరిగింది. నడుస్తూ ఒక పేరా, స్నానం చేస్తూ ఒక పేరా. ఊరి చివర కేరమ్ డౌన్స్‌లో ఉన్న మన గుడికి వెళ్ళినప్పుడు క్యాంటీన్ లైనులో ముందున్నవాళ్ళకు కొంత వినిపించేవాణ్ణి. వాళ్ళ ఇడ్లీ రాగానే వెళ్ళిపోయేవారు.

ఇక సినిమావాళ్ళ సంగతి.

మా ఇంటి దగ్గర డాండెనాంగ్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఒక భాయ్ కిరాణా కొట్టు నడిపేవాడు. మనిషి పెద్ద మాటకారి. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆయన బియ్యం బస్తాల మీద కూర్చునేవాణ్ణి. నన్ను చాచా అనేవాడు. కొట్టు వెనకాల పెద్ద కోల్డ్ రూము, అంటే గది అంత ఫ్రిజ్జు. అందులో ములక్కాడలు, చేపలు, తురిమిన కొబ్బరి, అన్నీ గడ్డకట్టి ఉండేవి.

ఇక్కడి ఎండాకాలం ఫిబ్రవరిలో, బయట తారు కరిగే ఎండలో, ముగ్గురు వచ్చారు. డైరెక్టరమ్మ, కెమెరా ఆయన, మైకు ఆయన. కోల్డ్ రూము ఒక రోజు వాడుకుంటామని భాయ్‌ని అడిగారు. వాళ్ళ సినిమాలో మనిషి మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ రావాలట.

డైరెక్టరమ్మ నన్ను చూసి ఆగిపోయింది. అప్పటికి నాకు గడ్డం బాగా పెరిగి ఉంది. చుట్టూ తిరిగి చూసి, తన మనుషులతో ఏదో అని, నా పక్కన బస్తా మీద కూర్చుంది.

"మేము ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాం" అంది ఇంగ్లీషులో, మెల్లగా. "ప్రపంచానికి దూరంగా, చలిలో ఉండే పెద్దవాళ్ళ గురించి. వాళ్ళ మాట తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. పిల్లలు వేరే భాషలో జవాబు చెబుతున్నారు. వాళ్ళను వినేవాళ్ళు లేరు."

నేను భాయ్ మొహం చూశాను. భాయ్ నా మొహం చూశాడు.

"చాచా, ఇది మీ గురించే" అన్నాడు.

నాకూ అలాగే తోచింది. పోలార్, అంటే ధ్రువ ప్రాంతం, అన్న మాట ఆవిడ అనలేదని నేను చెప్పను. అన్నది. కానీ మ్యాపు తీసి చూడండి. మెల్‌బోర్న్ కింద ఒక చిన్న దీవి, ఆ కింద సముద్రం, ఆ కింద మంచు, అంతే. జూలైలో ఇక్కడ పొద్దున్నే పంచె కట్టుకుని బయటికి వెళ్ళినవాడికి, ఇది పోలార్ కాదని ఎవరూ చెప్పలేరు. పైగా ఆవిడ చెప్పిన కష్టాల్లో నావి కానిది ఒక్కటైనా ఉందా?

"మీరు మాట్లాడతారా?" అంది.

జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను ఆ మాట అడిగారు. అడిగింది తెలుగు రాని మనిషి.

"ఎంతసేపు?" అన్నాను.

"మీ ఇష్టం వచ్చినంతసేపు. మీ భాషలో. మనసులోంచి."

లోపలికి వెళ్ళే ముందు నాకు బొచ్చు కోటు తొడిగారు. లోపల చలి గనక తొడిగారనుకున్నాను. నెత్తి మీదికి టోపీ లాగారు. అదీ చలికే. నా కనుబొమ్మల మీదా మీసం మీదా తెల్లటి పొడేదో అద్దారు. టీవీలో కనబడేవాళ్ళందరికీ పౌడరు వేస్తారని వినే ఉన్నాను గనక ఊరుకున్నాను. మా ఆవిడ తర్వాత ఎంత తిట్టినా, ఇందులో నా తెలివితక్కువతనం ఎక్కడుందో నాకు కనబడదు.

వెనకాల తెల్ల గుడ్డ కట్టారు. ఎదురుగా కెమెరా. దాని వెనక ములక్కాడల అట్టపెట్టెలు బారుగా, సభికుల్లా. తలుపు దగ్గర భాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మైకు పైనుంచి దిగి నా నోటి ముందు ఆగింది. ఈసారి ఎవరూ పాట పెట్టలేదు.

"వేదికను అలంకరించిన పెద్దలకు, వేదిక ముందు ఆసీనులైన సోదర సోదరీమణులకు, నా నమస్సుమాంజలులు" అని మొదలుపెట్టాను.

ఆ తర్వాత మెల్‌బోర్న్ తెలుగువాళ్ళ గురించి నేను చెప్పదలచుకున్నదంతా చెప్పాను. సాయంత్రం ఐదింటికని కార్డు వేసి ఏడింటికి దీపం వెలిగించడం గురించి చెప్పాను. సమయపాలన అన్న మాట గట్టిగా, వేలు ఎత్తి చెప్పాను. తెలుగు సభలో యాంకరమ్మ ఇంగ్లీషులో మాట్లాడటం గురించి, పెద్దవాళ్ళు ప్లేటు పట్టుకుని వచ్చేసరికి పులిహోర అయిపోవడం గురించి చెప్పాను. మన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది, ఈ మధ్యలో మాట ఎక్కడ పడిపోతోందో ఎవరైనా వెతికారా అని అడిగాను. చలికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, గొంతు వణుకుతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను ఆపలేదు. చివరగా, మాట్లాడేవాళ్ళకు తలా ఐదు నిమిషాల గడువు పెట్టాలని సూచించి, ఈ అవకాశమిచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు చెప్పి, సెలవు తీసుకున్నాను.

భాయ్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. డైరెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నా ఉపన్యాసం భాష దాటి తగిలిందనుకున్నాను.

"చాచా, ఈ ముక్కలు వినాల్సినవాళ్ళు వింటే బాగుండు" అన్నాడు భాయ్.

"టీవీలో వస్తుంది భాయ్. అందరూ వింటారు" అన్నాను.

వచ్చేది డిసెంబరులో అని తెలిసింది. ఆ సంవత్సరమంతా నేను వేరే మనిషిని. డాక్టరు గారిని స్వయంగా పిలిచాను, కుటుంబంతో రమ్మని. భాయ్ వచ్చాడు, సంఘం వాళ్ళు ఇంకొందరు వచ్చారు. మా ఆవిడ మైసూరు బోండాలు వేసింది. అమ్మాయీ అల్లుడూ ఆ సాయంత్రం రెండంకెల గొడవ పక్కన పెట్టి కూర్చున్నారు. అందరికీ కనబడేలా టీవీని మధ్యకు జరిపించాను.

మంచు కనబడింది. ఇంకా మంచు. కుక్కలు బండి లాగుతున్నాయి. లోగొంతుతో ఒకాయన చెబుతున్నాడు: ప్రపంచమంతా ఒక తేదీని చూసి వణుకుతోంది, కంప్యూటరన్నది ఎరగని ఈ ధ్రువప్రాంతపు పల్లెవాళ్ళు మాత్రం నిశ్చింతగా ఉన్నారు.

"మీరెప్పుడొస్తారు?" అంది మా ఆవిడ.

"ముందు మంచు చూపించి తర్వాత మెల్‌బోర్న్‌కు వస్తారు" అన్నాను.

దూరంగా బొచ్చు కోటు వేసుకున్న ఒక మనిషి మంచులో నడుస్తున్నాడు. నడిచి నడిచి ఆగాడు. తర్వాత దగ్గరగా ఒక మొహం. తెల్లటి కనుబొమ్మలు, నోట్లోంచి పొగ. నేను.

"అదుగో నాన్న!" అంది అమ్మాయి.

నేను వేలు ఎత్తి, సమయపాలన గురించి హెచ్చరిస్తున్నాను. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అల్లుడు పైకి చదివాడు: "మా భాషలో కాలానికి మాట లేదు."

తెరమీద నేను పులిహోర దగ్గరికి వచ్చాను. వెనకనుంచి ఏదో తీగ వాయిద్యం ఏడుపు మొదలుపెట్టింది. అక్షరాలు: "సీళ్ళు ఇక తిరిగి రావు. మేము ఖాళీ చేతులతో వెళ్తున్నాం."

"ఏమండీ, పులిహోర అయిపోయిందనడానికి అంత ఏడుపు వాయిద్యం ఎందుకండీ?" అంది మా ఆవిడ.

అంతే. ముందు భాయ్ పగలబడ్డాడు, తర్వాత సంఘం వాళ్ళు, తర్వాత మా అల్లుడు, నా ఎదురుగానే. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. నోట్లో బోండా ఉంది, నమలడం ఆపేశాడు. తెరమీద ఐదింటికి కార్డు, ఏడింటికి దీపం అని నేను గద్దిస్తుంటే, నా వైపు తిరిగి, "అంకుల్, ఇది నన్నేనా?" అన్నాడు.

"నిన్నే బాబూ. కింద ఉన్నది చదవకు, పైన ఉన్నది విను."

ఆయన వినబోయేసరికి నన్ను కోసేశారు. మన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది అన్న దగ్గర, మాట మధ్యలో. మళ్ళీ కుక్కలు వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే పక్కింటి ముసలావిడ గిన్నెతో తలుపు కొట్టింది. కంచె మీదుగా నా గొంతు రోజూ వింటుంది గనక పోల్చుకుందట. "మీరు అక్కడివారని ఎప్పుడూ చెప్పలేదే" అని నా చెయ్యి పట్టుకుంది. "సీళ్ళ సంగతి విని రాత్రంతా బాధపడ్డాను."

నేను ఇండియావాణ్ణనీ, సీలును బొమ్మలో తప్ప చూడలేదనీ, నేను మాట్లాడింది ఫంక్షన్ల గురించేననీ వివరంగా చెప్పాను. ఆవిడ తల ఊపింది.

"అంతా పోయాక అలాగే అనిపిస్తుంది" అంది. గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అందులో చేపల కూర ఉంది. మేము తినం. భాయ్‌కి ఇచ్చేశాం.

ఒళ్ళు మండిపోయింది. సినిమా కంపెనీకి రాశాను. నేను అడిగింది ఒక్కటే: కింది అక్షరాలు తీసేసి నేనన్న మాటలు వేసి, ఉపన్యాసం మొత్తంగా మళ్ళీ చూపించండి. జవాబు లేదు. టీవీ వాళ్ళకు రాశాను. మా కార్యక్రమం మీకు నచ్చినందుకు సంతోషం అని జవాబు వచ్చింది. నచ్చిందని నేనెక్కడ రాశాను?

"వదిలెయ్యండి మామయ్యా. అందరూ ఏడ్చారట, మంచి పేరొచ్చిందట" అన్నాడు అల్లుడు.

"ఎవరికి పేరు? సీళ్ళకు" అన్నాను.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ బ్యాంకూ ఆగలేదు, ఏ విమానమూ పడలేదు. అమ్మాయి ఆఫీసులో కేకు కోశారట. దిద్దడం వల్ల ఏమీ కాలేదా, అసలు ఏమీ అయ్యేదే కాదా అన్నది ఎవరూ చెప్పలేదు. నా సంగతిలో అయితే తప్పు జరిగింది, దిద్దేవాడే లేడు.

సంఘం వాళ్ళ సంగతి కూడా రాయాలి. డాక్టరు గారు మరుసటి ఉగాదికి నన్ను పిలిచాడు. నాకు ఎంతో సంతోషమైంది. ఏం మాట్లాడాలో అడుగుదామని ఫోను చేస్తే, "అంకుల్, అదే, ఆ టీవీలోది చేయండి. బొచ్చు కోటు మేం తెస్తాం. కింద సీళ్ళ డైలాగులు మావాళ్ళు స్లైడ్ వేస్తారు, సూపర్ కామెడీ అవుతుంది" అన్నాడు. ఫోను పెట్టేశాను. ఆ ఉగాదికి నేను వెళ్ళలేదు.

ఆ రోజుల్లోనే నాకొక సంగతి తట్టింది. నేను అనని మాటలు నా నోట్లో పెట్టారు, నిజమే. కానీ ఆ మాటలు ఎవరివని చూపించారో, ఆ పల్లెవాళ్ళను ఎవరైనా అడిగారా? దూరంగా మంచులో నడిచిన ఆ మనిషికి సొంత నోరు ఉంటుంది కదా! సినిమా మొదట్లో ఆ ఊరి పేరు వేశారు. అమ్మాయి ఆఫీసు కంప్యూటర్లో వెతికి పంచాయతీ ఆఫీసు చిరునామా తెచ్చింది. నా ఉపన్యాసం మొత్తం, నమస్సుమాంజలుల నుంచి సెలవు దాకా, నాకొచ్చిన ఇంగ్లీషులోకి మార్చి, జరిగిన అన్యాయమంతా ముందు వివరించి, మీ పెద్దమనిషికి క్షమాపణ చెప్పాల్సింది నేను కాకపోయినా నేనే చెబుతున్నానని రాసి పంపాను.

"సీళ్ళకూ ఒక కాపీ పంపాల్సింది" అంది మా ఆవిడ.

చలికాలం వచ్చింది, సగమైంది కూడా. నేను కూడా ఆశ వదులుకున్నాను. ఒక రోజు, చుట్టూ నాలుగు ముద్రలు పడిన కవరొకటి వచ్చింది. లోపలి ఉత్తరాన్ని తెలుగు చేసి, ఒక్క ముక్క కూడా మార్చకుండా కింద ఇస్తున్నాను.

"అయ్యా, నేను ఈ పంచాయతీ ఆఫీసు గుమాస్తాను, మీ ఉత్తరం అందింది. ఇక్కడికి విమానం వాతావరణం బాగుంటేనే వస్తుంది గనక ఆలస్యమైంది. సినిమావాళ్ళు మాకో క్యాసెట్టు పంపారు, ఊరంతా కూర్చుని చూశాం. దూరంగా నడిచేది మా ఊరి పెద్దే. దగ్గరగా కనబడేది ఎవరా అని పందేలు వేసుకున్నారు, ఎవరూ గెలవలేదు. వాళ్ళు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మా పెద్దాయన్ని మాట్లాడమని వెంటపడ్డారు. ఆయన వాళ్ళతో అన్నది ఒకటే: తలుపు వేయండి, వేడంతా బయటికి పోతోంది. ఆ మాటనే ఆయన్ని మంచులో నిలబెట్టి చాలాసార్లు చెప్పించుకున్నారు, తర్వాత ఎందుకో వాడుకోలేదు. కింద వేసిన మాటలు మేమెవరమూ అనలేదు. సీళ్ళు ఉన్నాయి. తేదీలు కూడా మాకు తెలుసు. ఈ ఉత్తరం కొడుతున్నది ఆఫీసు కంప్యూటరు మీదే, జనవరి ఒకటిన నేనే వచ్చి చూశాను, బాగానే పనిచేసింది. మీ ఉపన్యాసాన్ని మా ఊరి సభలో చదవమని పెద్దాయన అడిగారు. మొత్తం చదివాను. మధ్యలో ఒక్కరే లేచి వెళ్ళారు, ఆయనకు నీళ్ళ బండి డ్యూటీ ఉంది. పిల్లల గురించి మీరు రాసింది రెండోసారి చదవమన్నారు, చదివాను. చప్పట్లు కొట్టారు. అయితే చివర్లో, మాట్లాడేవాళ్ళకు ఐదు నిమిషాల గడువు పెట్టాలని మీరు చేసిన సూచనను మా పెద్దాయన ఒప్పుకోవడం లేదు. అది చాలా తప్పని మీకు స్పష్టంగా రాయమన్నారు. కారణాలు చెప్పడానికి ఆయన లేచి నిలబడ్డారు. ఇంకా చెబుతున్నారు. ఉత్తరాల సంచీ కట్టేస్తున్నారు గనక నేను ఇక్కడితో ఆపుతున్నాను, ఆయన మాత్రం ఆపలేదు."